ఆముదం కలిపిన పసుపు

మా రెండు లారీలు కృష్ణ ఒడ్డున ఆగేసరికి ఉదయం పదకొండు నలభై. అమరావతికి దిగువన ఒక చిన్న ఊరు. సన్నగా వాన. లారీ దిగిన మొదటి జవాను నల్లరేగడిలో ఎడమ బూటు వదిలేసి వట్టి కాలితో పైకొచ్చాడు. పంజాబువాడు. "ఇదేం మట్టిరా బాబూ?" అన్నాడు హిందీలో. "మిరపకాయలు పండే మట్టి," అన్నాను. ఆ బూటు పైకి లాగడానికి ముగ్గురం పట్టాం.

నాది పర్చూరు పక్కన ఒక పల్లె. పన్నెండేళ్ల సర్వీసులో మంచు చూశాను, ఇసుక చూశాను, ఈశాన్యంలో జలగలతో కలిసి పడుకున్నాను. మన మట్టిమీద డ్యూటీ పడటం అదే మొదలు, అదే చివర. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే పల్లెల్లోకి వస్తున్న రోజులు. వరద పని. మా జట్టులో తెలుగువాణ్ణి నేనొక్కణ్ణే. చుట్టూ అందరూ నా భాష మాట్లాడుతుంటే ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

తెచ్చిన సరంజామా ఇది. బోట్లు రెండు. వాటి వెనక తగిలించే నలభై హార్స్‌పవర్ మోటార్లు రెండు. ఒక్కోదానికి పన్నెండు వోల్టుల బ్యాటరీ. పెట్రోలు డబ్బాలు ఎనిమిది, లైఫ్ జాకెట్లు ముప్పై, తాళ్లు, ఒక వైర్‌లెస్ సెట్టు. బస ఊళ్లోని హైస్కూలు వరండాలో. మోటార్లు, బ్యాటరీలు నా బాధ్యత. నేను నాయక్‌ని, మెకానిక్‌ని. చెయ్యి పెడితే ఇంజను లేచి కూర్చుంటుందని నాకు పేరు. ఆ పేరు మొదలుపెట్టింది కూడా నేనే.

మా పెద్ద సుబేదార్ సాబ్. హిమాచల్ మనిషి, తక్కువ మాట్లాడతాడు. ఆయన హిందీలో చెప్పినవన్నీ మీకు తెలుగులోనే చెబుతున్నాను.

"ఎదురుగా ఏముంది?" అని అడిగాడు దిగగానే.

"తాటిలంక సాబ్. నది మధ్య దిబ్బ. కూరగాయలు, అరటి వేస్తారు. వంద మంది పైగా ఉంటారట."

"మధ్య నీళ్లు?"

"పాయ ముప్పావు కిలోమీటరు. వడి బాగా ఉంది. గుర్రపుడెక్క కొట్టుకొస్తోంది."

గుర్రపుడెక్క అంటే మీకు తెలుసు. నీళ్లమీద పచ్చగా, ఊదారంగు పూలతో అందంగానే ఉంటుంది. మోటారు రెక్కకు చుట్టుకుంటే మాత్రం ఎంత ఇంజనైనా ఆగిపోవాల్సిందే. బోటు ఆపి, మోటారు పైకెత్తి, కత్తితో కోసి తీసేసి, మళ్లీ స్టార్టు చేయాలి. ఈ మళ్లీ స్టార్టు చేయడం దగ్గరే నా కథంతా ఉంది.

మొదటి రెండు రోజులు పండగే. పొద్దున ఆరున్నరకు మొదలు, సాయంత్రం ఐదున్నరకు ఆఖరి ట్రిప్పు. సెల్ఫ్ బటన్ నొక్కితే చాలు, మోటారు గుర్రుమనేది. ముసలివాళ్లను, చంటిపిల్లల తల్లులను ముందు తెచ్చాం. ఒక ముసలమ్మ బోటులో కూర్చుని, "నువ్వు ఎవరబ్బాయివి నాయనా?" అని ఆరా తీసింది. మా నాన్న పేరు చెప్పాను. ఆమెకు తెలియదు. అయినా ఏదో చుట్టరికం కలిపేసి, దిగేటప్పుడు నా చేతిలో రెండు అరటిపళ్లు పెట్టింది.

మూడో రోజు దసరా.

పట్టాళంలో దసరాకు ఆయుధపూజ చేస్తాం. సుబేదార్ సాబ్ గంట సమయం ఇచ్చాడు. రైఫిళ్లకు ఆయన పూజ చేశాడు. మోటారు నాకు వదిలాడు. ఇక నన్ను పట్టేదెవరు? మా ఇంట్లో మిరపతోటకు నీళ్లు తోడే ఆయిల్ ఇంజను ఉండేది. దసరా అంటే మా నాన్న దాన్ని విప్పి, ప్రతి భాగాన్నీ తుడిచి, ప్రతిదానికీ పసుపు పూసి మళ్లీ బిగించేవాడు. పైపైన బొట్టు పెట్టడం బద్ధకస్తుల పని అనేవాడు. నేనూ అలాగే చేశాను. మూత తీశాను. బ్యాటరీ టెర్మినళ్లకు వైర్లు పట్టించే క్లాంపులు విప్పాను. టెర్మినళ్లు రెండింటికీ, క్లాంపుల లోపలా పసుపు పట్టించాను. వానకు కారిపోకుండా నీళ్లకు బదులు ఆముదం కలిపాను. అది నా సొంత తెలివి. పైన కుంకుమ బొట్లు పెట్టి, క్లాంపులు బిగించి, ఆ పైన గ్రీజు రాశాను. కొబ్బరికాయ కొట్టాం. రెండో బోటు అప్పుడు నీళ్లమీద ఉంది, దానికి తర్వాత పైన ఒక్క బొట్టు మాత్రమే పడింది. దాని అదృష్టం అది.

పూజ అయ్యాక సెల్ఫ్ కొట్టాను. మోటారు లేచింది. సుబేదార్ సాబ్ తల ఊపాడు. నేను ఊరివాళ్ల వైపు చూసి మీసం తిప్పాను.

నాలుగో రోజు ఉదయం ఏడింటికి రెండో బోటును కింద ఇంకో ఊరికి పంపమని సెట్టులో ఆర్డరు వచ్చింది. పంపించాం. మిగిలింది పూజ చేసిన బోటు. పది గంటల ఇరవై నిమిషాలకు పాయ మధ్యలో రెక్కకు గుర్రపుడెక్క చుట్టుకుంది. బోటు నడిపే లాన్స్‌నాయక్ కేరళవాడు, నీళ్లలో పుట్టినట్టే ఉంటాడు. చుట్టుకున్నది కోసి పారేశాడు. సెల్ఫ్ కొట్టాడు.

టిక్.

మళ్లీ కొట్టాడు. టిక్. అంతే. బోటు ఆకులా కిందికి పోతోంది. చేత్తో లాగే తాడు ఒకటుంటుంది మోటారుకు, ఇలాంటి వేళకే. నేను లాగాను. మూడోసారికి తాడు తెగి నా చేతిలోకొచ్చింది, నేను వెల్లకిలా పెట్రోలు డబ్బాల మీద పడ్డాను. ఒకటిన్నర కిలోమీటరు దిగువన, మునిగిన తాటిచెట్టు తల ఒకటి పైకి కనబడుతుంటే దానికి తాడు వేసి ఆగాం. బోటు ఖాళీగా వెళ్తోంది కాబట్టి సరిపోయింది. ఒడ్డునుంచి మోకుతో లాక్కొచ్చారు మమ్మల్ని. ఊరంతా చూసింది.

ఆ సాయంత్రం బ్యాటరీని ఊరి సెంటర్లో మస్తాన్ కొట్టుకు చార్జింగుకు పంపాను. మస్తాన్ గారు ఆటో ఎలక్ట్రీషియన్. రైతుల పంపుసెట్ల మోటార్లు చుడతాడు, ట్రాక్టర్ల బ్యాటరీలు చూస్తాడు. నేనాయన్ని చూడలేదు, జవాను తీసుకెళ్లి ఇచ్చొచ్చాడు. ఐదో రోజు పొద్దున బ్యాటరీ వచ్చింది. హైడ్రోమీటరు ముంచి చూశాను. ఆసిడ్ చక్కగా ఉంది. మీటరు పెట్టాను. పన్నెండున్నర వోల్టులు పైనే చూపిస్తోంది. బిగించాను. సెల్ఫ్ కొట్టాను.

టిక్.

లారీ బ్యాటరీ తీసుకొచ్చి బిగించాను. టిక్. అయితే సెల్ఫ్ మోటారే పోయిందనుకున్నాను. ఒక రైతు ట్రాక్టరు తెచ్చి, దాని బ్యాటరీ నుంచి మందపాటి వైర్లు తెచ్చి మా క్లాంపుల బోల్టులకు తగిలించాడు. మోటారు ఠక్కున లేచింది! వైర్లు తీసి, ఆపి, మళ్లీ కొడితే టిక్. బ్యాటరీ మంచిదే, సెల్ఫ్ మంచిదే, రెండూ కలిస్తే మాత్రం పనిచేయవు. పన్నెండేళ్ల సర్వీసులో ఇంత వింత నేను చూడలేదు. క్లాంపు లోపల నల్లగా కనిపించింది. గ్రీజు కదా అనుకుని వదిలేశాను. తల ప్రాణం తోకకొచ్చింది.

లంకలో అప్పటికి మిగిలింది పందొమ్మిది మంది. నీళ్లు నిలకడగా ఉన్నాయని, గేదెల్ని వదిలి రాలేక, అక్కడి ప్రైమరీ స్కూలు డాబా మీద ఉండిపోయారు. వాళ్లతోపాటు ఆ స్కూలు టీచరు సువార్తమ్మ గారు. మొదటి రోజే రమ్మంటే, "అందరూ ఎక్కాక ఎక్కుతాను బాబూ, మీరు కానివ్వండి," అని డాబా మీదకెక్కి కూర్చున్నారు. అంటే ఆమెతో కలిపి పందొమ్మిది.

మధ్యాహ్నం ఒకటీ పదికి సెట్టు దగ్గరి సిగ్నల్ కుర్రాడు పరుగెత్తుకొచ్చాడు.

"సాబ్, పైనుంచి నీళ్లు వదిలారు. సాయంత్రం ఐదుకల్లా ఇక్కడ మూడడుగులు పెరుగుతుంది. లంక మీద ఎవరూ ఉండకూడదట."

సుబేదార్ సాబ్ నా వైపు చూశాడు.

"ట్రాక్టరు వైర్లతో స్టార్టు చేసి పోదాం సాబ్, ఆపకుండా వచ్చేద్దాం," అన్నాను.

"మధ్యలో డెక్క చుట్టుకుంటే? నీళ్లలోకి ట్రాక్టరు తెస్తావా?"

ఆయన గడియారం చూసుకున్నాడు.

"నిన్న ఖాళీ బోటు కొట్టుకుపోయింది. ఇవాళ మనుషులుంటారు. తనంతట తాను స్టార్టు కాని మోటారుతో బోటు నీళ్లలోకి దిగదు. మూడింటి దాకా సమయం. కింద ఊరి బోటు కోసం అడుగుతున్నాను, అది నాలుగున్నరకు గానీ రాదు."

నాలుగున్నరకు వస్తే ఒక్క ట్రిప్పు పడుతుంది. మా బోటులో పదకొండు మందికి మించి పట్టరు. ఎనిమిది మంది మిగులుతారు. ఈ లెక్క వరండాలో ఉన్న అందరికీ వచ్చు. శత్రువు ఎదురుగా ఉన్నప్పుడు కూడా నేను అంత భయపడలేదు, ఒట్టు. సొంత మనుషులు, సొంత భాష, మెకానిక్‌నని మీసం తిప్పిన వాణ్ణి నేను.

సెల్ఫ్ మోటారు విప్పాను. బ్రష్‌లు చూశాను. బాగున్నాయి. బిగించాను. ఫ్యూజు చూశాను. వైర్లన్నీ తడిమాను. ఒకటీ యాభై ఐదు.

రెండూ పదికి ఒక మోపెడ్ బురదలో ఈదుకుంటూ వచ్చింది. వెనక ఒక బ్యాటరీ కట్టి ఉంది. దిగిన మనిషికి యాభై ఏళ్లుంటాయి. నెరిసిన గడ్డం, తలకు టోపీ, చొక్కా జేబులో స్క్రూడ్రైవరు.

"నా పేరు మస్తానండీ. నేను చార్జింగు పెట్టిన బ్యాటరీ పని చెయ్యట్లేదంట గదా? ఆ మాట ఊళ్లో తిరుగుతుంటే నాకు అన్నం దిగలేదు. కొత్తది తెచ్చా."

"బ్యాటరీది కాదు మస్తాన్ గారూ. ఏది పెట్టినా టిక్కే."

"ఏదీ, ఒకసారి కొట్టండి."

కొట్టాను. టిక్. ఆయన మీటరు అడగలేదు. వంగి, రెండు క్లాంపుల మీదా రెండు వేళ్లు పెట్టాడు.

"ఇంకోసారి కొట్టి అట్టాగే నొక్కిపట్టండి."

నొక్కిపట్టాను. ఆయన వేలు చటుక్కున వెనక్కి తీసుకున్నాడు.

"కాలింది! ఇదిగో, ఇక్కడే ఉందండీ రోగం. కరెంటు దాటలేక ఇక్కడే వేడెక్కుతోంది."

క్లాంపు విప్పాడు. లోపల నల్లటి పొర. గోరుతో గీరాడు. నలుపు కింద పసుపు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"ఆముదం," అన్నాడు.

నా ముఖం మీద వాన పడుతోంది కాబట్టి బతికిపోయాను.

"ఏ ఊరండీ మీది?"

"పర్చూరు పక్కన."

"అదీ సంగతి!" మస్తాన్ తొడ చరిచాడు. "మీ పర్చూరు వైపునుంచి ఇక్కడికి ట్రాక్టర్లు బాడుగకొస్తాయండీ. దసరా వెళ్లిన వారం నాకు అదే పని. టెర్మినళ్లకి పసుపు గీకటం. కాకపోతే వాళ్లు నీళ్లు కలుపుతారు. ఆముదం కలిపిన మొగోణ్ణి మిమ్మల్నే చూశా."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ క్షణాన ఆయన కాళ్ల మీద పడిపోవాలనిపించింది. అంత సంతోషం. పూజ రోజు ఎందుకు పనిచేసిందో కూడా ఆయనే చెప్పాడు. బిగింపుకు ఎక్కడో కాస్త లోహమూ లోహమూ తగిలింది, కొట్టినకొద్దీ వేడికి ఆముదం మాడి గట్టి పొరైంది. ట్రాక్టరు వైర్లు క్లాంపు బయటి బోల్టుకు తగిలించడంతో ఆ పొర దాటే అవసరమే లేకుండా పోయింది. మోటారు నడిచినప్పుడు బ్యాటరీకి ఎక్కాల్సిన చార్జింగూ ఆ పొర దగ్గరే ఆగిపోయింది.

మా వంటవాడి దగ్గర వంటసోడా, మరిగే నీళ్లు తెచ్చాం. మస్తాన్ ఒక క్లాంపు, నేను ఒక క్లాంపు పట్టుకుని తోమాం. ఆయన జేబులోంచి గరుకు కాగితం తీసి టెర్మినళ్లు మెరిసేదాకా రుద్దాడు.

సుబేదార్ సాబ్ వచ్చి నిలబడ్డాడు. "ఏమైంది?"

నేను తల వంచుకుని క్లాంపు తోముతూనే ఉన్నాను. మస్తాన్ తనకు వచ్చిన హిందీలో చెప్పాడు. "కార్బన్ సాబ్. బహుత్ కార్బన్."

"కార్బన్," అని సుబేదార్ సాబ్ నోట్‌బుక్కులో రాసుకున్నాడు.

రెండూ ముప్పై ఐదు. బటన్ నొక్కాను. మోటారు ఒక్క దెబ్బకు లేచింది. ఆపమన్నాడు సాబ్. ఆపాను. మళ్లీ. లేచింది. ఐదుసార్లు ఆపించి ఐదుసార్లు స్టార్టు చేయించాడు. ఐదోసారి ఊరివాళ్లే లెక్కపెడుతూ ఈలలు వేశారు.

"పోండి," అన్నాడు.

బోటు తోసేటప్పుడు మస్తాన్ నా చెవి దగ్గరికి వంగాడు. "బొట్టు మూత మీద పెట్టండి సార్. దేవుడికి కనపడితే చాలు గదా, టెర్మినళ్ల దాకా ఎందుకు ఆయనకి?"

మొదటి ట్రిప్పు మూడూ ఐదుకు లంక చేరింది. పదకొండు మంది. మూడూ నలభైకి ఒడ్డున దించాం. రెండో ట్రిప్పుకు వెళ్లేసరికి స్కూలు మెట్లు రెండు మునిగాయి. మిగిలినవాళ్లు గేదెల పగ్గాలు కోసి వదిలేశారు. ఒకాయన ప్రతి గేదె చెవిలోనూ ఏదో చెప్పి పంపాడు. ఎనిమిది మంది ఎక్కారు. టీచరు గారు ఆఖరున ఎక్కారు, చీర కుచ్చిళ్లు దోపుకుని, చంకలో ప్లాస్టిక్ సంచి పెట్టుకుని.

నాలుగూ ఐదు. పాయ మధ్య. మోటారు ఊపిరి బిగపట్టినట్టయి ఆగిపోయింది. గుర్రపుడెక్క. బోటు అడ్డం తిరిగింది. కేరళవాడు మోటారు ఎత్తి కత్తి పెట్టాడు. నీళ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఎనిమిది మందీ నా బొటనవేలి వైపే చూస్తున్నారు. అది బటన్ మీదుంది.

"కోసేశాను, కొట్టు!" అన్నాడు వాడు.

నొక్కాను. లేచింది. ఒక్క నొక్కుకే. నాకు గట్టిగా అరవాలనిపించింది, అరిచాను కూడా. ఏమని అరిచానో గుర్తులేదు. కేరళవాడు వాళ్ల భాషలో పడవ పాట ఎత్తుకున్నాడు. బోటులో ఒక ముసలాయన తనకు అర్థం కాని ఆ పాటకు తాళం వేశాడు. నాలుగూ ఇరవై ఐదుకు ఒడ్డు తగిలింది. గేదెలు రెండు కిలోమీటర్ల దిగువన మాకంటే ముందే ఒడ్డెక్కాయని తర్వాత తెలిసింది. వాటికి సెల్ఫ్ అవసరం లేదు మరి.

ఇంకో తొమ్మిది రోజులు ఉన్నాం. నీళ్లు తీశాయి. పదిహేనో రోజు ఉదయం ఆరింటికి సామాను లారీలకెక్కించి బయల్దేరాం. గుంటూరు మిరప యార్డు పక్కగా పోతుంటే ఘాటుకు లారీలో ఉన్నవాళ్లంతా వరసగా తుమ్మారు. నేను తుమ్మలేదు. యూనిట్‌కు చేరాక నాలుగో రోజున మనసు ఆగక సుబేదార్ సాబ్ ముందు నిలబడి అసలు సంగతి చెప్పేశాను. ఆయన నోట్‌బుక్కు తీసి 'కార్బన్' అన్న మాట కొట్టేశాడు. దాని పక్కన ఏదో రాశాడు. తర్వాత ముఖం పక్కకు తిప్పుకుని భుజాలు కదిలేలా నవ్వాడు. పై దసరాకు నన్ను మోటారుకు పదడుగుల దూరంలో నిలబెట్టి పూజ చేయించాడు.

రిటైరై పర్చూరు దగ్గర పత్తి, మిరప వేసుకుంటున్నాను. మంచుకొండలు కలలోకి రావడం మానేశాయి. కాల్పుల చప్పుళ్లూ దూరమయ్యాయి. ఒక్కటి మాత్రం పోలేదు. ఆ రోజు ఒడ్డున జరిగింది అది, మీకింకా చెప్పలేదు.

బోటు దిగాక సువార్తమ్మ టీచరు గారు బురదలో పిక్కల దాకా దిగబడి నిలబడ్డారు. ప్లాస్టిక్ సంచి విప్పారు. అందులో స్కూలు హాజరు పట్టీ, దాని ఆఖరి పేజీలో డాబా మీద ఉండిపోయిన పందొమ్మిది మంది పేర్లు. ముందు ట్రిప్పులో వచ్చినవాళ్లను కూడా పిలిపించి వరసలో నిలబెట్టారు. పేర్లు పిలవడం మొదలుపెట్టారు. నెరిసిన తలల పెద్దమనుషులు, చేతులు కట్టుకుని, ఒక్కొక్కరే "వచ్చానండీ", "ఉన్నానమ్మా" అంటున్నారు. పద్దెనిమిదో పేరు ఏసుపాదం. జవాబు లేదు. మళ్లీ పిలిచారు. జవాబు లేదు. అందరం ఒక్కసారిగా నది వైపు తిరిగాం. ఇంతలో మా వంటశాల వెనకనుంచి ఒక ముసలాయన టీ గ్లాసుతో తాపీగా వచ్చాడు. ఆయనకు చెవుడట. ఆ నవ్వులు నది అవతలికి వినిపించి ఉంటాయి. టీచరు గారు ఆయనకు హాజరు వేసి, తన పేరు తానే చదువుకుని తానే "ఉన్నాను" అని, నా వైపు చూశారు.

"నీ పేరేంటి బాబూ?"

"నాయక్..."

"అది ఉద్యోగం. పేరు?"

"కోటేశ్వరరావండీ."

పందొమ్మిది పేర్ల కింద రాసుకున్నారు. తలెత్తి, క్లాసులో పిలిచినట్టు గట్టిగా పిలిచారు.

"కోటేశ్వరరావు!"

వాన పడుతోంది. ఆమె చేతిలో పెన్ను ఆగి ఉంది. అంతమందీ నా వైపు తిరిగి జవాబు కోసం చూస్తున్నారు. నేను బురదలోనే మడమలు కలిపి, బడిపిల్లాడిలా చెయ్యెత్తాను.